తడవని పాటల పుస్తకము



ఈ పేజీ చదివే కుటుంబాలవారు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటుంది. "ఇన్ని పాటల గురించి రాస్తారు గదండీ, మీకు బాగా ఇష్టమైనవి ఏవి?" అని. ఇష్టాలకు లెక్క కట్టడం కష్టమే. ఒక్క ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములోనే వందల పాటలున్నాయి. అవి గాక సీయోను గీతములు, బైబిలు మిషను పాటలు, క్యాసెట్ల కాలములో వచ్చినవి, ఇప్పుడు ఫోన్లలో వస్తున్నవి లెక్కకు అందవు. అయినా ఈ నెల సాహసించి ఏడు పాటలను ఏరుకున్నాము. ఏడవ దానితో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా దిగుతూ ఒకటవ దాని దగ్గరకు వస్తాము.

ఏరుకోవడానికి ఒక కొలత ఉండాలి గదా. పుస్తకం చేతిలో లేనప్పుడు, దీపం ఆరిపోయినప్పుడు, గొంతు వణుకుతున్నప్పుడు మనవారి నోటికి ఏ పాట వచ్చింది అన్నదే మా కొలత. కోనసీమలో బ్రతికే మనకు ఇది బాగా తెలిసిన కొలత. మనకు రెండు వైపుల గౌతమీ వసిష్ఠలు, మూడవ వైపు సముద్రం. వరదో తుఫానో వచ్చిందంటే ఇంట్లో ముందుగా పాడయ్యేది కాగితమే. అప్పుడు మిగిలేది మనసులో ఉన్న పాట.

ఏడవ పాట: కదిలిందీ కరుణరథం

1978లో 'కరుణామయుడు' సినిమా వచ్చింది. ఎ. భీమ్‌సింగ్ దర్శకుడు. విజయచందర్ ప్రభువు పాత్ర ధరించారు. అందులో ప్రభువు సిలువ మోసుకొని వెళ్లే ఘట్టానికి మోదుకూరి జాన్సన్ గారు ఈ పాట రాశారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు పాడారు. పట్నంలో హాలుకు వెళ్లి చూసినవారి సంగతి అటుంచితే, పల్లెల్లో ఈ బొమ్మను చూసినవారు ఎక్కువమంది చూసింది ఆరుబయటనే. రెండు రాటల మధ్య తెల్లగుడ్డ కట్టి, మిషను తెచ్చి, చీకటి పడ్డాక వేసేవారు. పేటవారూ ఊరివారూ ఒకే చోట చాపలు పరచుకొని కూర్చునేవారు. ఈ పాట వచ్చేసరికి పిల్లల గోల కూడా ఆగిపోయేది.

సినిమా పాట గుడిలో పాడవచ్చునా అని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. ఆ మాటను తేలికగా తీసిపారేయలేము. ఆరాధనకు తగినదేదో చూడడం పెద్దల బాధ్యతే. అయితే గుడి గుమ్మం ఎన్నడూ తొక్కనివారు కూడా సిలువ కథను ఈ పాట ద్వారా విన్నారు. ఇప్పటికీ పొలంలో, బస్సులో, టీ కొట్టు దగ్గర ఇది వినబడితే ఒక నిమిషం మాట ఆగుతుంది. అందుకే దీనికి ఏడవ స్థానం ఇచ్చాము.

ఆరవ పాట: శుద్ధరాత్రి

క్రిస్మస్ ముందటి రాత్రి గుడిలో కొవ్వొత్తులు వెలిగించి పాడే పాట ఇది. మనం దీన్ని తెలుగు పాటగానే ఎరుగుదుము. కాని దీని పుట్టిల్లు ఆస్ట్రియా దేశములో ఓబెర్న్‌డోర్ఫ్ అనే చిన్న ఊరు. అక్కడి గుడి సేవకుడు జోసెఫ్ మోర్ 1816లో మాటలు రాశాడు. 1818 డిసెంబరు 24న ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు స్వరం కట్టాడు. ఆ రాత్రే ఇద్దరూ కలిసి గిటారు వాయిస్తూ పాడారు.

ఆ ఊరి సంగతి వింటే మనకు మన ఊరే గుర్తుకు వస్తుంది. అది సాల్జాక్ అనే నది ఒడ్డున ఉంది. అక్కడివారు ఆ రోజుల్లో ఉప్పు మోసే పడవల మీద బ్రతికేవారు. వరదలు వచ్చేవి. ఆ వరదల వల్లనే ఆ గుడి బాగా దెబ్బతిని, చివరకు ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో దాన్ని పడగొట్టవలసి వచ్చింది. రాతి గోడలు పోయాయి. రెండు గొంతులూ ఒక గిటారూ కలిసి పాడిన పాట మాత్రం లోకమంతా తిరిగి, గోదావరి ఒడ్డున మన తాటాకు పందిళ్లలోకి వచ్చి చేరింది. గుడి కట్టడానికి చందాలు పోగుచేసే సంఘములు ఈ సంగతి కూడా తలచుకోవాలి.

అయిదవ పాట: నన్ను దిద్దుము

ఇది పిల్లల పాట. పేరులోనే ప్రార్థన అంతా ఉంది. చిన్న వయసులోనే నన్ను సరిచేయమని బిడ్డ తండ్రిని అడుగుతున్నట్టుగా ఉంటుంది. దిద్దడం అనే మాట ఎంత చక్కగా ఉందో చూడండి. పలక మీద అక్షరం వంకరపోతే పంతులుగారు చెయ్యి పట్టుకొని దిద్దిస్తారు. పలకను పగలగొట్టరు.

సండేస్కూలులో, ఎండాకాలం వి.బి.ఎస్. తరగతుల్లో కొబ్బరిచెట్ల నీడన కూర్చోబెట్టి ఇటువంటి పాటలు నేర్పేవారు. కంఠతవాక్యము చెప్పినవారికి చిన్న బొమ్మకార్డు ఇచ్చేవారు. కార్డు ఎప్పుడో పోయింది. పాట మాత్రం ముసలితనం వరకు వచ్చింది. డెబ్బై దాటిన మామ్మలు కూడా ఈ పాట పాడతారు. ముసలివారికి చిన్న ప్రాయమేమిటని నవ్వనక్కరలేదు. దేవుని ముందు అందరమూ చిన్నవారమే. మనలో దిద్దవలసిన వంకర ఇంకా ఉంటూనే ఉంది.

నాలుగవ పాట: మనోవిచారము కూడదు

ఈ పాట రాసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు మన పొరుగువారే. కడియం దగ్గర జేగురుపాడు ఆయన స్వగ్రామం. లూథరన్ సంఘములో పనిచేసి, 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను స్థాపించారు. 1960లో ప్రభువు సన్నిధికి వెళ్లారు. బైబిలు మిషనువారే గాక అన్ని సంఘములవారూ ఈ పాటను తమదిగా చేసుకున్నారు. దిగులుపడుతున్న మనసుతో ఒక పెద్దాయన పక్కన కూర్చుని మాట్లాడినట్టుగా ఉంటుంది. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో చింతను గూర్చి ప్రభువు చెప్పిన మాటలే దీనికి పునాది.

ఈ పాటకు ఎంత బలముందో కోనసీమకు 1996లో తెలిసింది. ఆ సంవత్సరం నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానులో మన జిల్లాలోనూ చుట్టుపక్కలా వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లినవారు ఎందరో తిరిగి రాలేదు. తెల్లవారేసరికి కొబ్బరితోటలు నేలమీద పడి ఉన్నాయి. కొబ్బరిచెట్టు పడిపోవడమంటే ఒక ఏడాది పంట పోవడం కాదు. మళ్లీ మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అప్పు తీర్చేదెలా, పిల్లకు పెళ్లి చేసేదెలా, ఆరేడేళ్లు తినేదేమిటి? తోట ఉన్నవాడికే ఇంత దిగులైతే, ఆ తోటలో దింపు తీసి, పీచు కొట్టి బ్రతికే కూలివాడి మాటేమిటి?

అటువంటి ఇళ్లకు పరామర్శకు వెళ్లినవారు ప్రసంగాలు చెయ్యలేకపోయారు. ఏ మాట చెప్పినా తేలిపోయేది. ఎవరో ఒకరు ఈ పాట ఎత్తుకునేవారు. తడిసిన గోడల మధ్య నలుగురూ కలిసి పాడేవారు. దిగులు ఒక్క పాటతో పోయిందని మేము చెప్పము. దిగులుపడుతున్నవాడు ఒంటరిగా ఉండకుండా ఆ పాట చూసుకుంది. పాట అయ్యాక బియ్యం పంచుకోవడం, పడిన చెట్టు కలిసి తీయడం కూడా జరిగాయి. పాట చేయవలసిన పని అదే.

మూడవ పాట: సిలువే నా శరణాయెను

మంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఏడు మాటల ధ్యానం. బయట మండే ఎండ. తెల్లబట్టలు కట్టుకొని, ఉపవాసముండి వచ్చిన తల్లులు. ఒక్కొక్క మాట ధ్యానించిన తరువాత ఒక్కొక్క పాట. ఈ పాట లేకుండా ఆ ఆరాధన ముగిసిన గుడి కోనసీమలో ఉంటుందని మేము అనుకోము. శరణు అనేది పెద్దమాట. ఇంకెక్కడికీ పోవడానికి దారి లేనివాడు అనే మాట.

ఆ దారి లేనితనం మన ఇళ్లలో చాలామందికి తెలుసు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి ఎందరో ఆడపడుచులు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్నారు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో వదిలి వెళ్లారు. ఫోన్లు లేని రోజుల్లో ఉత్తరం రాయడం రాని తల్లి క్యాసెట్టులో తన మాటలు పట్టి, ఊరికి వచ్చేవారి చేత పంపేది. క్షేమసమాచారాలు అయ్యాక చివరలో ఒక పాట పాడేది. పిల్లలు అమ్మ గొంతు కోసం ఆ క్యాసెట్టు తిప్పి తిప్పి వేసుకునేవారు.

కువైట్ నగరములో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణమున్నది. అక్కడ అనేక భాషలవారితోపాటు తెలుగువారు కూడా ఆరాధన చేసుకుంటారు. ఆ దేశములో వారాంతపు సెలవు శుక్రవారం గనుక ఆరాధనకు ఆ రోజే జనం ఎక్కువ. కాని యజమాని సెలవిస్తేనే గదా వెళ్లేది! సెలవు దొరకని తల్లి వంటగదిలో గిన్నెలు తోముతూ పైకి వినబడకుండా పాడుకుంటుంది. ఆమె చేతిలో పుస్తకం లేదు, పక్కన సంఘము లేదు. చిన్నప్పుడు గుడిలో నేర్చుకున్నదే ఆమె వెంట వెళ్లింది.

రెండవ పాట: నడిపించు నా నావ

ఈ పాటను రాసినవారు బాప్తిస్టు సంఘములో ప్రసిద్ధులైన దైవసేవకులు ఎ.బి. మాసిలామణి గారు. 1914లో పుట్టి 1990లో ప్రభువునందు నిద్రించారు. లూకా సువార్త 5వ అధ్యాయంలో రాత్రంతా వలలు వేసి వట్టిచేతులతో ఒడ్డుకు వచ్చిన పేతురు కథను ఆయన ఈ పాటలోకి తెచ్చారు. వేటకు వెళ్లి ఖాళీగా తిరిగి రావడమంటే ఏమిటో మన అంతర్వేది, ఓడలరేవు ప్రాంతాలవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

కోనసీమలో సువార్త కూడా పడవ మీదనే వచ్చింది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దొరలు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో పని ప్రారంభించారు. 1852కు ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలు తవ్వారు. కాలువ వెంబడి పడవ, పడవ వెంబడి బోధకుడు, బోధకుని సంచిలో పాటల పుస్తకం. వంతెనలు వచ్చేదాకా పెళ్లికైనా చావుకైనా మన ప్రయాణమంతా రేవు దాటడంతోనే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం ఆసుపత్రికి రోగిని తీసుకువెళ్లిన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో! ఏటి మధ్యకు వచ్చేసరికి ఎవరికైనా తోచేది ఒక్కటే. ఇక్కడ చుక్కాని మన చేతిలో లేదు.

ఈ పాటలోని భక్తుడు అలలు లేకుండా చేయమని అడగడు. నావను నడిపించమని అడుగుతాడు. వంతెనలు ఎన్ని వచ్చినా ఈ పాట పాతబడదు. ఉద్యోగం లేని కొడుకు, తాగుడుకు బానిసైన భర్త, డాక్టరుగారు చెప్పిన జబ్బు పేరు, వీటి మీద వంతెన ఎవరూ కట్టలేదు.

ఒకటవ పాట: త్రాహిమాం క్రీస్తునాథ

ఒకటవ స్థానానికి ఎక్కువ ఆలోచించవలసిన పని లేకపోయింది. ఈ పాట రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1803లో పర్లాకిమిడి ప్రాంతములో బ్రాహ్మణ కుటుంబములో పుట్టారు. 1833లో కటకములో బాప్తిస్మం పొందారు. 1890లో కన్నుమూసే నాటికి వందకు పైగా కీర్తనలు రాశారు. తెలుగువారికి తెలిసిన రాగములలో, తాళములలో క్రీస్తును కీర్తించడం ఆయన నేర్పారు. ఇప్పటికీ మన కీర్తనల పుస్తకములో పాట పైన రాగము, తాళము అచ్చువేసి ఉండడం మీరు చూస్తూనే ఉన్నారు.

త్రాహిమాం అన్నది సంస్కృతం. నన్ను కాపాడు అని అర్థం. కోనసీమ వేదపండితులకు పేరుపొందిన సీమ. ఆ వేదం వినడానికి కూడా తావు లేక ఊరి బయట ఉంచబడినవారు మన పితరులలో చాలామంది. అటువంటి ఇళ్లలోని తల్లులు, అక్షరం రానివారు, వరినాట్లు వేసి బురదకాళ్లతో వచ్చి, సాయంకాల ప్రార్థనలో ఈ సంస్కృత పదాన్ని తప్పు లేకుండా పలికారు. ఎవరు నేర్పారు? ఒక మామ్మ నేర్పింది. ఆ మామ్మకు మరొక మామ్మ నేర్పింది. కంజీర మీద తాళం వేస్తూ, బోధకుడు ఒక చరణం పలికితే అందరూ తిరిగి పలుకుతూ, పుస్తకం తెరవకుండా ఇన్ని తరాలు నడిపించారు. బ్రాహ్మణ పండితుడు కట్టిన పాట కూలి తల్లి నాలుక మీద బ్రతికింది. క్రీస్తునందు గోడలు కూలిపోవడమంటే ఏమిటో చూపడానికి మనకు ఇంతకంటె మంచి సాక్ష్యం దొరకదు.

ఇది పొడవైన ప్రార్థన చేసే ఓపిక లేనివాడు వేసే కేక. మత్తయి సువార్త 14వ అధ్యాయంలో పేతురు నీళ్లలో మునిగిపోతూ ప్రభువును పిలిచిన పిలుపు ఎంత చిన్నదో చూడండి. మునిగేవాడికి మూడు మాటలకంటె సమయం ఉండదు. ప్రభువు వెంటనే చెయ్యి చాపాడు. మిగిలిన ఆరు పాటలలోనూ ఉన్నది ఈ కేకే. అందుకే దీన్ని ఒకటవదిగా ఉంచాము.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి

ప్రియులారా, ఈ ఏడు పాటలలో మీ పిల్లలకు చూడకుండా ఎన్ని వచ్చునో ఈ రాత్రి అడిగి చూడండి. ఇప్పుడు చాలా గుడులలో పాట తెర మీద కనబడుతుంది. ఇంటి దగ్గర ఫోనులో దొరుకుతుంది. కీబోర్డు, డ్రమ్సు, పెద్ద పెట్టెలు వచ్చాయి. వాటిని మేము తప్పుపట్టము. కొత్త పాటల్లోనూ ఆత్మను తాకేవి ఉన్నాయి. పాత పాటలన్నీ ఒకప్పుడు కొత్తవే. మా భయం ఒక్కటే. ఎప్పుడు కావాలంటే అప్పుడు కనబడుతున్నది గదా అని ఎవరూ కంఠస్థం చేయడం లేదు. పెట్టెల హోరులో సంఘము గొంతు సంఘానికే వినబడడం లేదు. తుఫాను వచ్చి నాలుగు రోజులు కరెంటు లేకపోతే తెర వెలగదు, ఫోను పలకదు. ఆసుపత్రి మంచం మీద పడుకున్నప్పుడు చుట్టూ వాద్యాలు ఉండవు. ఆ రోజు ఏ పాట వస్తుంది?

పాత కీర్తనల మాటలు అర్థం కావడం లేదని పిల్లలు అంటున్నారు. అది నిజమే. అర్థం చెప్పవలసినది మనమే. అందుకని మా మనవి ఇది. నెలకు ఒక్క పాట తీసుకోండి. మొదటి వారం కుటుంబ ప్రార్థనలో దాని అర్థం పెద్దవారు చెప్పాలి. రెండవ వారం పుస్తకం చూసి పాడండి. మూడవ వారం పుస్తకం మూసి పాడండి. నాలుగవ వారం ఇంట్లో అందరికంటె చిన్నవారు ఎత్తుకోవాలి, పెద్దవారు అందుకోవాలి. ఇంట్లో మామ్మగాని తాతయ్యగాని ఉంటే వారికి వచ్చిన పాటలు ముందు నేర్చుకోండి. వారు పాడే పాత వరుస పుస్తకములో అచ్చువేసి లేదు. వారితోపాటే అది వెళ్లిపోతుంది. మీ ఫోను ఉన్నది గదా, దానిలో వారి గొంతు పట్టి, గల్ఫులో ఉన్న బిడ్డకు పంపండి.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము తీసి చదవండి. ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలు దెబ్బలు తిని, కాళ్లకు బొండ వేయబడి ఉన్నారు. మధ్యరాత్రి. దీపం లేదు. లోపలి చెరలో చదువుకోవడానికి గ్రంథం లేదు. అయినా వారు దేవునికి కీర్తనలు పాడారు, తక్కిన ఖైదీలు విన్నారు. ఆ రాత్రి వారు పాడినది అంతకుముందు వెలుగు ఉన్నప్పుడు నేర్చుకున్నదే. మనకూ మన పిల్లలకూ ఇప్పుడు వెలుగు ఉంది. నేర్చుకుందాము.

మీ గృహములలో స్తుతిగానము ఎన్నడును ఆగకుండునట్లు ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.